రెండు నిమిషాల్లో ఏం చెప్పాలంటే

సింధూ,

నీ మెసేజ్ రాత్రి పడుకోబోయే ముందు చూశాను, అప్పటికప్పుడు ఏదో ఒకటి రాసి పంపడం ఇష్టం లేక తెల్లారి కాఫీ తాగి కూర్చున్నాను. ఇక్కడ అమెరికాలో, మీ రాష్ట్రంలో, ఆడపిల్ల అనో, బిడ్డ జాతి ఫలానా అనో చేయించుకునే అబార్షన్లని నిషేధించే బిల్లు వచ్చిందనీ, దాన్ని వ్యతిరేకిస్తూ కమిటీ ముందు మాట్లాడ్డానికి నీకు రెండు నిమిషాలు ఇస్తారనీ రాశావు. చివర్లో "మనవాళ్ళలో అలాంటివి లేవు, ఇదంతా మన మీద నింద అని గట్టిగా చెప్పేస్తాను పెద్దమ్మా" అన్నావు. మిగతావన్నీ నీ ఇష్టం గానీ ఆ ఒక్క మాట అనకు.

అది నిజం కాదు తల్లీ. 1989లో తెనాలిలో మా తోడికోడలికి మూడో కడుపు, ముందు ఇద్దరూ ఆడపిల్లలే. అప్పటికి చట్టం లేదు, స్కానింగ్ చేసిన డాక్టరే ఆడో మగో చెప్పేసేవాడు. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఎవరం నోరు విప్పలేదు. వారం తిరక్కుండానే ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది, మా అత్తగారు పాలగ్లాసు పట్టుకుని పక్కన నిలబడి "తాగమ్మా, ఒళ్ళు కోలుకోవాలిగా" అంటోంది. ఆ గదిలో నేనూ ఉన్నాను. ఒక్క మాట అనలేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 918 మందే తేలారు. నువ్వు లేదన్నావంటే ఎవరో ఒకరు ఆ అంకె తీస్తారు, ఆ తర్వాత నువ్వు ఎంత మంచి మాట చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు.

అందుకని ముందే ఒప్పుకో. "మా ఇళ్ళలో కొడుకు కావాలనే కోరిక ఉంది, నాకు తెలుసు" అని మొదలుపెట్టు. అక్కడున్న సభ్యులు ఆ మాట నీ నోటినుంచి వస్తుందనుకోరు.

అమెరికా లెక్కలు రెండున్నాయి, రెండూ చదువుకుని వెళ్ళు. 2008లో కొలంబియా యూనివర్సిటీ ఆర్థికవేత్తలు ఇద్దరు, 2000 నాటి సెన్సస్ తీసుకుని ఇక్కడి చైనా, కొరియా, భారత కుటుంబాల పిల్లల్ని లెక్కగట్టారు. మొదటి బిడ్డ దగ్గర తేడా ఏమీ లేదు. వరసగా ఇద్దరు ఆడపిల్లలున్న ఇళ్ళలో మూడో బిడ్డ దగ్గరికొచ్చేసరికి వందమంది ఆడపిల్లలకి నూటయాభై మంది మగపిల్లలు కనబడ్డారు. బిల్లు తెచ్చేవాళ్ళు చూపించేది ఇదే. 2014లో షికాగో యూనివర్సిటీ లా స్కూలు వాళ్ళు మరికొందరితో కలిసి ఇంకో నివేదిక ఇచ్చారు. అందులో 2007 నుంచి 2011 దాకా లెక్కలు చూస్తే, విదేశాల్లో పుట్టి ఇక్కడికొచ్చిన ఇదే మూడు దేశాలవాళ్ళకి పుట్టిన పిల్లల్లో మొత్తం మీద ఆడపిల్లల వంతు తెల్లవాళ్ళ పిల్లల్లోకంటే ఎక్కువని తేలింది. నా మటుకు నాకు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. మూడో బిడ్డ దాకా వెళ్ళే కుటుంబాలే తక్కువ, అందులో ఇద్దరూ ఆడపిల్లలే ఉన్నవి ఇంకా తక్కువ. కాబట్టి జబ్బు ఉంది, చిన్నదిగా ఉంది. రెండో నివేదికలో నీకు అసలు పనికొచ్చేది ఇంకోటి. ఇలినాయ్‌లో 1984లో, పెన్సిల్వేనియాలో 1989లో ఇలాంటి చట్టాలు తెచ్చారు కదా, అవి రాకముందు ఐదేళ్ళు, వచ్చాక ఐదేళ్ళు పోల్చి చూస్తే ఆడా మగా నిష్పత్తిలో మార్పేమీ కనబడలేదు. ఇది తప్పకుండా చెప్పు, ఎందుకంటే బిల్లు తెచ్చినవాళ్ళు ఆడపిల్లల్ని కాపాడతామనే కదా అంటున్నారు.

చట్టం ఎలా పనిచేస్తుందో కూడా ఒక వాక్యంలో చెప్పాలి. అరిజోనాలో 2011లో తెచ్చిన చట్టం చూడు. బిడ్డ ఆడో మగో అనీ, జాతి ఫలానా అనీ ఈ అబార్షన్ చేయడం లేదని డాక్టరు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి, తెలిసి చేస్తే క్రిమినల్ కేసు. మరుసటి సంవత్సరం, 2012 మే 31న, అదే అరిజోనాకి చెందిన సభ్యుడు ట్రెంట్ ఫ్రాంక్స్ ఆడపిల్ల అనో మగపిల్లాడనో చేసే అబార్షన్ల మీద తెచ్చిన బిల్లు వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకి వచ్చింది, 246 మంది అవునన్నారు, 168 మంది కాదన్నారు. ఆ రోజు ఓటింగు పెట్టిన పద్ధతిలో మూడింట రెండొంతులు కావాల్సి ఉండడంతో వీగిపోయింది. డాక్టరుకి ఐదేళ్ళ దాకా జైలు పడేది దాంట్లో. జైలు భయం పెట్టాక ఏ డాక్టరైనా ఎవరిని రెండోసారి అడుగుతాడు? బొట్టు పెట్టుకున్న మనిషిని అడుగుతాడు.

ఇది ఊహించి చెప్పడం లేదు. నేను ఆసుపత్రుల్లో ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్ళే రోజుల్లో ఒకమ్మాయి వచ్చింది, పదకొండు వారాలు, లోపల బిడ్డ గుండె ఆగిపోయిందని అంతకుముందు రోజే చెప్పి, గర్భసంచి శుభ్రం చేసే డి అండ్ సి కి రమ్మన్నారు. ఫైల్లో మొదటి బిడ్డ ఆడపిల్ల అని ఉంది. కాగితాలు నింపడానికి వచ్చిన నర్సు తలెత్తకుండా "ఇదీ ఆడపిల్లే అని తెలిసి వచ్చిందేమో అడుగు" అంది. ఇంటర్‌ప్రెటర్ అన్నాక వాళ్ళన్న ప్రతి మాటా చెప్పి తీరాలి, చెప్పాను. ఆ పిల్ల నల్లపూసల గొలుసు పెదాల మధ్య పెట్టుకుని కొరుకుతోంది, అలాగే ఆగిపోయింది. కాసేపటికి "గుండె కొట్టుకోవట్లేదని మీరే కదమ్మా చెప్పారు" అంది, నాకు కాదు, తెలుగు రాని నర్సు మొహంలోకి సూటిగా చూస్తూ. అప్పుడు ఆ రాష్ట్రంలో ఇలాంటి చట్టం ఏదీ లేదు. చట్టమే వస్తే అలాంటి ప్రశ్న అడగడం మరీ మామూలైపోతుంది.

నిన్ను తప్పకుండా అడిగేది ఒకటుంది, దానికి జవాబు నోటికి వచ్చేదాకా అనుకో. "మీ ఇండియాలోనే నిషేధం ఉందిగా, మేం పెడితే తప్పేంటి?" అంటారు. ఉంది. 1994లో చట్టం చేశారు, 2003లో ఇంకా గట్టి చేశారు. అది ఆపేది బిడ్డ ఆడో మగో కనుక్కోవడాన్ని, కనుక్కుని చెప్పడాన్ని. అందుకే గుంటూరులో ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళినా బిడ్డ ఆడో మగో చెప్పమని గోడ మీద బోర్డు ఉంటుంది, గర్భిణికి స్కాన్ చేస్తే ఎందుకు చేశారో రాస్తూ ఫారం ఎఫ్ నింపాలి. అబార్షన్ చట్టం వేరు, అది 1971 నుంచీ ఉంది. ఇంకోటి, ఆడదాన్ని పరీక్షకి తెచ్చారంటే మొగుడో అత్తింటివాళ్ళో బలవంతం చేసే తెచ్చారని మన చట్టం ముందుగానే అనుకుంటుంది, కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. నేను ఆ చట్టాన్ని సమర్థిస్తాను, మా తోడికోడలి రోజుల్లో అది ఉండి ఉంటే ఆ డాక్టరు నోరు మెదిపేవాడు కాదు. అయినా 2001లో 927 ఉన్న అంకె 2011కి 918 అయింది, కాబట్టి అదొక్కటే చాలిందని కూడా అనకు. కొరియా సంగతి చెప్పు. అక్కడ 1987లోనే బిడ్డ ఆడో మగో చెప్పకూడదన్నారు, అయినా 1990లో వందమంది ఆడపిల్లలకి 116 మంది మగపిల్లలు పుట్టారు. ఆడపిల్లలు చదువుకుని ఉద్యోగాలకి వెళ్ళాక, కుటుంబ పెద్ద మగవాడే అనే పాత చట్టం పోయే నాటికి, 2007 ప్రాంతంలో, మామూలుకి వచ్చింది.

జాతి సంగతి నీకు సంబంధం లేదన్నట్టు రాశావు, అది నాకు నచ్చలేదు. 2010లో అట్లాంటాలో పెద్ద పెద్ద హోర్డింగులు పెట్టి, నల్లజాతి పిల్లలు అంతరించిపోతున్నారని రాయించారు, ఆ ఊపులోనే జార్జియాలో ఇలాంటి బిల్లు తెచ్చారు. లొరెట్టా రాస్ లాంటి నల్లజాతి స్త్రీలు నిలబడి, తన బిడ్డ మీద తనకే జాతిద్వేషం ఉందని ఒక తల్లిని అనుమానించడం ఎంత అవమానమో చెప్పారు, ఆ బిల్లు ఆగిపోయింది. అరిజోనా చట్టం మీద 2013లో కోర్టుకి వెళ్ళినప్పుడు కూడా నల్లజాతివాళ్ళ సంఘం, ఆసియా స్త్రీల సంఘం కలిసే వెళ్ళాయి. కోర్టు ఆ కేసు తీసుకోలేదు, అది వేరే సంగతి. మీ రాష్ట్రంలో ఆ ఆడవాళ్ళు ఎవరు వస్తున్నారో ఇప్పుడే కనుక్కో, వాళ్ళ పక్కన కూర్చో, ఎవరు ఏది చెప్పాలో పంచుకోండి.

చీర కట్టుకోనా అనడిగావు. రోజూ ఆఫీసుకి ఏది వేసుకుంటావో అదే వేసుకో. ఇంగ్లీషులో రెండు వందల యాభై మాటలు దాటకుండా రాసుకో, పైకి చదివి ఫోన్లో టైం చూసుకో, టెన్షన్‌లో మనం ఇంకా గబగబా చదువుతాం కాబట్టి మధ్యలో ఆగాల్సినచోట గీత పెట్టుకో. ఎక్కువ వివరాలు రాతపూర్వకంగా విడిగా ఇవ్వు. తెలియనిది అడిగితే కనుక్కుని పంపిస్తానని చెప్పి ఊరుకో.

మా తోడికోడలి సంగతి, ఆ నల్లపూసల అమ్మాయి సంగతి అక్కడ చెప్పకు. వాళ్ళని అడగలేదు నేను. నీకు నీ సంగతే ఒకటుంది, ఇన్నాళ్ళూ ఎవరం చెప్పలేదు. అక్క తర్వాత నువ్వూ ఆడపిల్లవే అని తెలిసి మీ నానమ్మ నెలరోజులు నిన్ను చూడ్డానికి రాలేదు. మీ అమ్మ రోజూ నీకు స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, కాటుక చుక్క పెట్టి, గేటు వైపు చూసేది. ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. పెద్దమ్మ చెప్పిందని అడుగు, ఆవిడ వద్దంటే వదిలెయ్యి. సరే అంటే దాంతోనే మొదలుపెట్టి రాసి, శుక్రవారం లోపల నాకు పంపు.

పెద్దమ్మ