మోకాలు నిలవడం లేదంటే దెబ్బ ఫిమోరల్ నర్వ్‌కా, ఎల్3 రూట్‌కా?

ఫిజియోథెరపీ విద్యార్థిగా మీరు అడిగినవి రెండు. తొడ ముందు కండరాలన్నిటికీ ఫిమోరల్ నర్వేనా (తొడలోకి ముందు వైపు నుంచి దిగే పెద్ద నరం)? క్వాడ్రిసెప్స్ (మోకాలు చాపే తొడ ముందు కండరం) నీరసించిన పేషెంటు వస్తే దెబ్బ వెన్ను దగ్గర రూట్‌లో (వెన్నుపాము నుంచి నరం బయల్దేరే మొదలులో) ఉందో, కిందికి వచ్చాక నరంలో ఉందో ఎలా తేల్చాలి? రెండోదానికి జవాబు తొడ ముందు వైపు దొరకదు, లోపలి వైపు దొరుకుతుంది. ముందు నరం వచ్చే దారి చూడండి.

నడుము భాగంలోని ఎల్2, ఎల్3, ఎల్4 రూట్ల వెనక పాయలు కలిస్తే ఫిమోరల్ నర్వ్. నడుము నుంచి తొడకు దిగే సోయాస్ కండరం బయటి అంచున బయటపడి, సోయాస్‌కూ, కటి ఎముక లోపలి వైపు ఉండే ఇలియాకస్ కండరానికీ మధ్య గాడిలో దిగుతుంది. ఇలియాకస్‌కు కొమ్మ ఇక్కడే, తొడలోకి రాకముందే, ఇచ్చేస్తుంది. ఈ ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. సోయాస్‌కు మాత్రం ఎల్1 నుంచి ఎల్3 దాకా నేరుగా కొమ్మలు వస్తాయి. తర్వాత నరం గజ్జల్లోని గట్టి పట్టీ అయిన ఇంగ్వైనల్ లిగమెంట్ కింద నుంచి తొడలోకి వస్తుంది. గజ్జలో నాడి కొట్టుకునేచోట వేలు పెడితే అది ధమని. దానికి లోపలి పక్క సిర, బయటి పక్క నరం. ధమని, సిర ఒకే తొడుగులో ఉంటాయి. నరం ఆ తొడుగులో ఉండదు, ఇలియాకస్ మీది ఫేషియా (కండరాన్ని కప్పే పొర) కింద ఉంటుంది.

లిగమెంట్ దాటిన సుమారు 4 సెంటీమీటర్లకే నరం రెండుగా చీలుతుంది. ముందు పాయ నుంచి సార్టోరియస్ కండరానికీ, తొడ ముందు, లోపలి చర్మానికీ కొమ్మలు పోతాయి. వెనక పాయ నుంచి క్వాడ్రిసెప్స్ నాలుగు భాగాలైన రెక్టస్ ఫిమోరిస్‌కూ మూడు వాస్టస్‌లకూ దేనికది విడి కొమ్మ, వాటితోపాటు సఫీనస్ నరం. సఫీనస్ తొడలోని అడక్టర్ కెనాల్ అనే సందులో దిగి, మోకాలి లోపలి పక్క నుంచి పాదం లోపలి అంచు దాకా చర్మానికి స్పర్శ ఇస్తుంది. వాస్టస్ ఇంటర్మీడియస్ కొమ్మ అక్కడితో ఆగదు, దాని కింద ఉన్న ఆర్టిక్యులారిస్ జెనూకూ పోతుంది. మోకాలు చాపేటప్పుడు సైనోవియల్ పొర (కీలు లోపలి పొర) చిప్ప కింద నలగకుండా పైకి లాగే చిన్న కండరం అది. వైవాలో తరచూ అడుగుతారు.

కాబట్టి 'అన్నిటికీనా' అంటే కాదు. టెన్సర్ ఫేషియా లాటా అనే కండరం తొడ ముందు బయటి మూలనే కనిపిస్తుంది గానీ దాని నరం సుపీరియర్ గ్లూటియల్. గజ్జ దగ్గరి పెక్టినియస్ కండరం ఫిమోరల్‌దే, కొందరిలో ఆబ్ట్యురేటర్ నరం కొమ్మ కూడా అందుతుంది.

ఇప్పుడు పరీక్ష. పేషెంటును బల్ల అంచున కూర్చోబెట్టి, మోకాలు చాపించి, చీలమండ పైన మీ చెయ్యి పెట్టి కిందికి నొక్కండి. మోకాలు పూర్తిగా లాక్ కానివ్వకండి. లాక్ అయితే నీరసించిన కండరం కూడా బలంగా ఉన్నట్టు మోసం చేస్తుంది. వెనక్కి వాలిపోతున్నాడేమో, తొడ లోపలికి తిప్పుతున్నాడేమో గమనించండి. వాలితే రెక్టస్‌కు సాగుదల దొరుకుతుంది, తిప్పితే టెన్సర్ సాయం వస్తుంది. పెద్దవాళ్ల క్వాడ్రిసెప్స్‌ను మన చేతి బలం ఓడించలేదు, అందుకే స్వల్ప నీరసం చేతికి తెలియదు. ఒంటికాలితో కుర్చీలోంచి లేవమనండి, మెట్లు దిగమనండి. చదును నేల మీద మోకాలిని వెనక్కి లాక్ చేసుకుని నెట్టుకొచ్చేవాళ్లు మెట్లు దిగేటప్పుడు దొరికిపోతారు. బలహీనత ఎక్కువైతే అడుగు వేసిన ప్రతిసారీ అరచేత్తో తొడను మోకాలి పైన వెనక్కి నొక్కుకుంటారు. పోలియో వచ్చినవాళ్ల నడకలో దీన్ని మీరు చూసే ఉంటారు.

క్వాడ్రిసెప్స్ నీరసం ఖాయమయ్యాక తొడ లోపలి అడక్టర్లను చూడండి. రెండు మోకాళ్ల మధ్య మీ పిడికిలి పెట్టి గట్టిగా నొక్కమనండి, తర్వాత ఒక్కో కాలికి విడిగా చూసి పోల్చండి. అడక్టర్ల నరం ఆబ్ట్యురేటర్, దానికీ ఎల్2, ఎల్3, ఎల్4 రూట్లే. అడక్టర్లు బలంగా ఉండి క్వాడ్రిసెప్స్ మాత్రమే పడిపోతే ఫిమోరల్ నర్వ్‌నే అనుమానించాలి. రెండూ నీరసిస్తే రూట్ లేదా ప్లెక్సస్ (రూట్లు అల్లుకునే చోటు). షుగర్ ఉన్నవాళ్లలో తొడ ముందు భరించలేని నొప్పి, బరువు తగ్గడం, ఆ వెంటే కండరం కరగడం కనిపిస్తే ప్లెక్సస్ వైపు ఆలోచించండి. పాదం పైకెత్తే టిబియాలిస్ యాంటీరియర్ కూడా తగ్గితే ఎల్4 రూట్ మీదికి అనుమానం పోతుంది, ఆ కండరానికి ఫిమోరల్‌తో సంబంధమే లేదు.

దెబ్బ ఫిమోరల్‌కే అని తేలితే తుంటి దగ్గర తొడ పైకెత్తమనండి. అదీ గట్టిగా తగ్గి ఉంటే దెబ్బ లిగమెంట్‌కు పైన, ఇలియాకస్ కొమ్మ పుట్టకముందే తగిలింది. తొడ బాగానే లేస్తూ మోకాలు చాపలేకపోతే గజ్జల దగ్గరో కిందో చూడాలి.

స్పర్శ ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పొద్దు. కాలి లోపలి వైపు మొద్దుబారడం ఎల్4 రూట్‌లోనూ ఉంటుంది, సఫీనస్ దెబ్బలోనూ ఉంటుంది. తొడ బయటి పక్క మాత్రమే మంట, తిమ్మిరి ఉండి బలం, మోకాలి జెర్క్ (చిప్ప కింద తడితే కాలు ఎగరడం) మామూలుగా ఉంటే అది లాటరల్ క్యుటేనియస్ నరం, క్వాడ్రిసెప్స్‌తో పనిలేదు. బిగుతు బెల్టు, పెరిగిన పొట్ట అక్కడ కారణాలు. ఇక సన్నబడిన తొడ ప్రతిదీ నరం కేసు కాదు. మోకాట్లో నీరు చేరితే చాలు, నరం బాగున్నా క్వాడ్రిసెప్స్ పనిచెయ్యడం మానుకుంటుంది, అలా నెలలు గడిస్తే కరుగుతుంది. అప్పుడు జెర్క్, స్పర్శ రెండూ మామూలుగా ఉంటాయి. తొడ కొలిచేటప్పుడు చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల పైన, రెండు కాళ్లకూ అదే చోట టేపు పెట్టండి.

రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లో, హీమోఫీలియా ఉన్నవాళ్లో ఉన్నట్టుండి గజ్జల్లో నొప్పి అంటూ తొడ ముడుచుకుని పడుకుని, మోకాలు చాపలేకపోతే వ్యాయామాలు మొదలుపెట్టకండి. ఇలియాకస్‌లో రక్తం నిండి నరాన్ని నొక్కుతుండొచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పి అదే రోజు స్కాన్ చేయించాలి.