రీసైక్లింగ్‌ని తెలుగులో ఏమనాలి?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ప్లాస్టిక్ మీద వ్యాసంలో రీసైక్లింగ్‌ను ‘పునర్వినియోగం’ అని రాస్తే టీచరు కొట్టేసి ‘పునఃచక్రీకరణ’ అని దిద్దారు. రెండూ ఒకటి కాదా? - ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: కాదమ్మా. కొట్టేయడం సబబే. దిద్దిన మాటలో మాత్రం చిన్న తప్పుంది.

ఐస్‌క్రీం డబ్బా కడిగి తిరగమాత గింజలు పోసుకుంటే అది పునర్వినియోగం. చిరిగిన నైలాన్ వలను కూరగాయల పాదుల చుట్టూ దడిగా కట్టుకున్నా అంతే. వస్తువు అదే, పని మారింది. ఆ డబ్బానే పాత సామాన్లవాడికి వేస్తే, అది ముక్కలై, కరిగి, ఇంకో వస్తువైతే రీసైక్లింగ్.

ఇక సంధి. ‘పునః’ తర్వాత చకారం వస్తే విసర్గ శకారమవుతుంది. పునశ్చరణ అంటాం గాని పునఃచరణ అనం గదా! కాబట్టి ‘పునశ్చక్రీకరణ’. కొందరు రాసే ‘పునర్చక్రణ’ హిందీ నుంచి దిగిన సరుకు.

సంధి కుదిరినా ఆ మాట నాకు నచ్చదు. సరళం కానిదాన్ని సరళం చేస్తే సరళీకరణ. ఆ లెక్కన చక్రీకరణ అంటే చక్రం కానిదాన్ని చక్రం చేయడం, సీసాను బండిచక్రంగా మార్చడమన్నమాట! పోనీ చక్రం తిరగడమనే అర్థం తీసుకున్నా, ప్లాస్టిక్‌లో ఆ చక్రం పూర్తిగా తిరగదు. 1907లో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన బేకలైట్ అనే ప్లాస్టిక్ ఉంది చూశారూ, పాత ఇళ్లలో నల్ల స్విచ్చులు దానివే, అది ఒకసారి వేడికి గట్టిపడితే మళ్లీ కరగదు. కాల్చిన కుండ తిరిగి బంకమన్ను అవుతుందా? నీళ్ల సీసా కరుగుతుంది. కానీ కరిగించినప్పుడల్లా అందులోని పొడవాటి అణువుల గొలుసులు తెగి బలం తగ్గుతుంది. అందుకే చాలా సీసాలు మళ్లీ సీసాలు కాకుండా పాలియెస్టర్ నూలుగా మారతాయి. ఆ నూలు బట్ట తిరిగి సీసా కావడం అరుదు. చిప్స్ ప్యాకెట్‌తో ఇంకో తంటా. ప్లాస్టిక్ పొరలూ అల్యూమినియం పూతా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, విడదీసే ఖర్చు కిట్టదు. పాత సామాన్లవాడు దాన్ని ముట్టుకోడు, గమనించారా?

సొట్టపోయిన ఇత్తడి బిందెను కరిగిస్తే ఇత్తడే వస్తుంది. మనవాళ్లు దాన్ని ‘కరిగించి పోత పోయడం’ అన్నారు. కరిగే ప్లాస్టిక్‌కీ ఆ ఒక్క పని వరకు అదే మాట చాలు. ఏరడం, రకాలుగా వేరుచేయడం, కడగడం, కరిగించడం ఇవన్నీ కలిపి చెప్పాల్సి వస్తే ‘రీసైక్లింగ్’ అనే రాయండి. ప్లాస్టిక్‌ని ప్లాస్టిక్ అనే అంటున్నాం, అంగట్లో ‘ఒక కవరు ఇవ్వన్నా’ అని అడుగుతున్నాం. ఈ మాట దగ్గరే పట్టుదల ఎందుకు?

పరీక్షలో మాత్రం పాపను ‘పునశ్చక్రీకరణ’ అనే రాయమనండి. టీచరుకు ఆ శకారం సంగతి ముందే, మెల్లిగా, మీరే చెప్పండి.