అన్నీ చర్చలే అయితే ఎలా తమ్ముడూ?

తమ్ముడూ,

నీ కథ చదివాను. రెండో పంట దాళ్వాకి వంతులవారీ నీళ్లు, కాలువ చివరి శివారు రైతు గోడు, నీళ్లు వదిలే లస్కరు మీద అందరూ పడటం, అన్నీ బాగా పట్టావు. కానీ తూము దగ్గరా చర్చించుకున్నారు, ప్రెసిడెంటు గారింట్లోనూ చర్చించుకున్నారు, ఇరిగేషన్ ఆఫీసులోనూ చర్చించుకున్నారు అని రాశావు. మూడు చోట్లా జరిగింది ఒకటేనా?

అర్ధరాత్రి పారలు పట్టుకుని తూము దగ్గర నిలబడ్డ ఇద్దరిదీ వాదులాట. ఒకడి మాట ఇంకొకడు వినడు.

ప్రెసిడెంటు గారింట్లో మాత్రం మంతనాలు. సంస్కృతంలోని మంత్రణమే మన నోట్లో మంతనం అయింది, మంత్రి కూడా ఆ కుదురులోంచి వచ్చినవాడే. మంతనాలాడుతున్నారు అని రాయగానే తలుపు ఓరగా వేసి ఉంటుంది, కాఫీలు తెచ్చినవాళ్లు వెనక్కి వెళ్లేదాకా మాటలు ఆగుతాయి, లోపల తేలుతున్నది తన చేలోకి రావాల్సిన నీళ్ల సంగతేనని తెలిసినా శివారు రైతు అరుగు మీదే కూర్చుని ఉంటాడు, అతనికి పిలుపు రాదు. ఇదంతా నువ్వు వర్ణించక్కర్లేదు, సగం ఆ మాటే చెప్పేస్తుంది. చర్చ అని రాశావంటే అతనికీ లోపల కుర్చీ వేసినట్టే.

ఆఫీసులో సంప్రదింపులు అని కూడా దిద్దకు. దానికి రెండు వైపులా ఎంతో కొంత పట్టు ఉండాలి. చేతిలో దరఖాస్తు తప్ప ఏమీ లేనివాడు మొరపెట్టుకుంటాడు, అంతే.

తర్జనభర్జనని పిచ్చాపాటీకి వాడేశావు, అది నాకు బాధ అనిపించింది. తర్జని అంటే చూపుడువేలు, బెదిరిస్తూ ఆడించే వేలు. తర్జనభర్జన ఎటూ తేలక నలిగిపోయేటప్పటి మాట. 2011లో మన కోనసీమ రైతులు తొలి పంట సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు కదా, చేను బీడు పెట్టడానికి మనసొప్పక, పెట్టుబడైనా రాని పంట వేయనూ లేక ఒక ఇంట్లో తండ్రీకొడుకులు రాత్రంతా మాట్లాడుకున్నారనుకో, అక్కడ వాడు ఆ మాట.

రేవులో ఆడవాళ్లు ముచ్చట పెట్టుకున్నారు అన్నావు. తెలంగాణలో అది ఎంతో అందమైన పలుకుబడి, కానీ మన రేవులో చెప్పుకునేవి కబుర్లు.

ఆ సీన్లు మళ్లీ రాసి పంపు. చర్చని పూర్తిగా తీసేయొద్దు, చివర్లో నీటి సంఘం మీటింగు ఉంది చూడు, శివారు రైతు కూడా లేచి మాట్లాడతాడు, అక్కడ ఉంచు.