సైన్స్ ఫిక్షన్ సభ పెడతానన్న మేనకోడలికి

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

అమ్మలూ,

నిన్న నీతో ఫోన్లో మాట్లాడాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. సంతోషంతోనే. తెలుగులో సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళంతా విశాఖలో రెండు రోజులు కలవాలి, పాఠకులే ఓటేసి ఆ ఏడాది మంచి కథకి అవార్డు ఇవ్వాలి, ప్రపంచ సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభ వరల్డ్‌కాన్ లాంటిది మనకీ ఒకటి ఉండాలి అన్నావు. ఉండాలి, నేనూ అదే అంటాను. కానీ అరగంట సేపు హాలు, బ్యానర్లు, ముఖ్య అతిథి గురించి చెప్పి, ఓటింగ్ సంగతి అడిగితే "గూగుల్ ఫారం పెట్టేస్తాం మావయ్యా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఈ ఉత్తరం ఆ ముక్క గురించే.

2024 ఆగస్టులో మీ బావ దగ్గరికి గ్లాస్గో వెళ్ళినప్పుడు వరల్డ్‌కాన్ చూశానని నీకు తెలుసు. క్లైడ్ నది ఒడ్డున సభ. ముప్పై ఏళ్ళు షిప్‌యార్డులో పనిచేసినవాణ్ణి, పక్కనే ఉన్న ఆ పాత ఫినిస్టన్ క్రేన్ చూసి ముందు అక్కడే ఆగిపోయాను. లోపలికి వెళ్ళాక బ్యాడ్జీ ఇచ్చినామె దగ్గర్నుంచి సభ మొత్తం నడిపే చైర్‌పర్సన్ దాకా ఎవరికీ జీతం లేదని తెలిసింది. 1939లో న్యూయార్క్‌లో ఓ రెండొందల మందితో మొదలైన సభ అది. యుద్ధం వల్ల 1942 నుంచి 45 దాకా జరగలేదు. దానికి సొంత భవనం లేదు, శాశ్వత ఆఫీసు లేదు. ఏటా ఒక ఊరు. ఏ ఊరో కూడా సభ్యులే ఓటేసి ముందుగా తేలుస్తారు. ఇన్నేళ్ళు అది నిలబడింది డబ్బు వల్ల కాదమ్మా. ఓటు వేసినవాడికి లెక్క మీద నమ్మకం ఉంది, అందుకు.

ఆ నమ్మకం పోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. తొంభైల్లో మేం కొంతమందిమి ఒక చిన్న గ్రంథాలయం తరఫున ఉగాది కథల పోటీ పెట్టాం. చందా కట్టిన సభ్యులే ఓటు వేయాలి. ఆఖరి రోజు సాయంత్రం ఒకాయన ముప్పై ఎనిమిది చందా ఫారాలు ఒకేసారి తెచ్చాడు. అన్నిటి మీదా ఒకే చేతిరాత, ఒకే నీలం ఇంకు. డబ్బు సరిపోయింది, మా నియమాల్లో అడ్డు లేదు. రసీదులు రాసింది నేనే. ఆయన బావమరిది కథకి బహుమతి వచ్చింది. ఎవరూ గొడవ పెట్టలేదు. మరుసటి ఏడు అరవై కథలు రావాల్సిన చోట తొమ్మిది వచ్చాయి. ఆ పై ఏడు పోటీయే లేదు. ఆ రసీదు పుస్తకం ఇంకా నా బీరువాలో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

గ్లాస్గోలో సరిగ్గా అలాంటిదే జరిగింది. వరల్డ్‌కాన్ సభ్యులే ముందు పేర్లు నామినేట్ చేసి, తర్వాత ఆ తుది జాబితాకి ఓటేసి ఇచ్చే హ్యూగో అవార్డులకి పోలైన 3,813 ఓట్లలో 377 దొంగ ఓట్లని తేలింది. అవన్నీ ఒకే ఫైనలిస్టుకి లాభం చేసేవి. నిర్వాహకులు వాటిని పక్కన పెట్టి, ఫలితాలకి ముందే ఆ సంగతి అందరికీ చెప్పారు. ఆ ఫైనలిస్టుకి తెలిసి జరిగిందనడానికి ఆధారం లేదని కూడా చెప్పి పేరు బయటపెట్టలేదు. మేం ఆ రోజు చేయలేకపోయింది అదే. అంతకుముందు ఏడు, 2023లో, చైనాలోని చెంగ్డూ సభ ఇంకోలా నడిచింది. అవార్డులు అక్టోబరులో ఇచ్చారు, లెక్కలు జనవరిలో బయటికొచ్చాయి. చూస్తే ఆర్.ఎఫ్. క్వాంగ్ నవల 'బేబెల్'కి చాలినన్ని నామినేషన్లు ఉన్నాయి, పక్కన 'అర్హత లేదు' అని ఉంది. ఎందుకు లేదో రాయలేదు. పాపం ఆ ఏడాది గెలిచినవాళ్ళ తప్పేమీ లేదు, అయినా ఆ మచ్చ వాళ్ళకీ అంటింది.

కాబట్టి నియమాలు ముందు కాగితం మీద పెట్టు. నామినేషన్లు మొదలయ్యే రోజుకి సభ్యులుగా చేరినవాళ్ళకే ఓటు, తర్వాత చేరినవాళ్ళకి వచ్చే ఏడు. చందా వంద రూపాయలైనా పెట్టు, ఊరికే ఇస్తే ఓటుకి విలువ ఉండదు. ఫోన్ నంబరు సరిచూసుకోకుండా పేరు ఎక్కించకు. ఫలితం చెప్పిన వారంలోపు ఏ కథకి ఎన్ని ఓట్లు, ఏ కథని ఎందుకు తీసేశామో మొత్తం బయటపెట్టు. ఇంకో మాట, నీకు కష్టంగా ఉంటుంది కానీ చెప్పక తప్పదు. నువ్వూ కథలు రాస్తావు. నువ్వు కమిటీలో ఉన్నన్నాళ్ళూ నీ కథ పోటీలో ఉండకూడదు.

నామినేషన్లలో ఒక చిక్కు ఉంది. 2015లో హ్యూగోలకి కొందరు ముందే జాబితాలు తయారుచేసి, మనవాళ్ళంతా ఇవే పేర్లు రాయండని ప్రచారం చేశారు. మిగతా పాఠకులు తలా ఒక కథ రాస్తారు కదా, వాళ్ళ ఓట్లు చెల్లాచెదురయ్యాయి, ఆ జాబితాలు కొన్ని విభాగాల్ని నింపేశాయి. అప్పుడు పాఠకుల్ని కాపాడింది ఓటు కాగితంలో ఉన్న 'ఎవరికీ వద్దు' అనే గడి. మన నోటా లాంటిదే గానీ మన నోటాకి గెలిచే శక్తి లేదు, దానికి ఉంది. ఆ ఏడు ఐదు విభాగాల్లో అదే గెలిచింది, అవార్డు ఎవరికీ ఇవ్వలేదు. నీ కాగితంలో కూడా ఆ గడి తప్పకుండా ఉండాలి. తర్వాత వరల్డ్‌కాన్ వాళ్ళు నామినేషన్ల లెక్కింపు పద్ధతే మార్చారు. ఆ మార్పుని కూడా వరుసగా రెండేళ్ళ సభలు ఒప్పుకుంటేనే 2017 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ పద్ధతి మీకు మొదటి ఏడు బరువవుతుంది. నువ్వు ఒక్కొక్కరి దగ్గర మూడు పేర్లే తీసుకుని, ఫైనల్‌కి ఆరు కథలు పంపు. ఒక గుంపు కూడబలుక్కుని అందరూ అవే మూడు పేర్లు రాసినా మూడు చోట్లే పట్టగలదు, మిగతా మూడూ మామూలు పాఠకులకి మిగులుతాయి.

ఇక అసలు లెక్కింపు. ఒక్క టిక్కు పెట్టించకు. ఒకటి, రెండు, మూడు అని వరుస రాయించు. నిన్న మీ అత్తయ్యని కూర్చోబెట్టి వంటింట్లో చేసి చూశాను. ఇరవై ఒక్క చీటీలు, మూడు స్టీలు కంచాలు. మొదటి ఎంపిక ప్రకారం వేస్తే రోబో కథ కంచంలో ఎనిమిది, సముద్రం కథ కంచంలో ఏడు, చంద్రుడి కథ కంచంలో ఆరు. మామూలుగా అయితే రోబో కథ గెలిచినట్టే. కానీ పదమూడు మంది దాన్ని మొదట కోరుకోలేదు కదా. ఆఖరున ఉన్న చంద్రుడి కంచం తీసేసి, ఆ ఆరు చీటీల్లో రెండో అంకె ఎవరికి వేశారో చూశాం. ఐదు సముద్రానికి, ఒకటి రోబోకి. ఇప్పుడు సముద్రం పన్నెండు, రోబో తొమ్మిది. మీ అత్తయ్య ముందు "ఇదేం అన్యాయం" అంది, రెండోసారి తనే చీటీలు కదిపి చూసి ఒప్పుకుంది. సభలో కూడా లెక్కింపు ఇలా అందరి ముందూ చెయ్యి. హ్యూగో లెక్కింపు తలుపులు మూసి చేస్తారు, వాళ్ళ ఓట్లు వేలల్లో ఉంటాయి. మీవి వందలే, బల్ల మీద పెట్టొచ్చు.

విభాగాల జోలికి ఇప్పుడే పోకు. హ్యూగోల్లో 7,500 పదాల లోపు ఒకటి, 17,500 దాకా ఒకటి, 40,000 దాకా ఒకటి, ఆ పైన నవల. మనకి ఏడాదికి ఎన్ని సైన్స్ ఫిక్షన్ నవలలు వస్తున్నాయి? ఒక్క కథ అవార్డు చాలు. రచయితల అనుమతి తీసుకుని ఆరు కథలూ ఓటర్లకి పంపు, చదవకుండా ఓటేసే అవసరం రాకుండా.

శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, గంటన్నర ఉపన్యాసాలు వద్దమ్మా. గ్లాస్గోలో నాకు బాగా నచ్చింది ఒక చిన్న బల్ల. ఒక రచయిత, చుట్టూ పదిమంది పాఠకులు, ముందే పేరు రాయించుకున్నవాళ్ళు. గంటసేపు ఊరికే మాట్లాడుకుంటారు. అలాంటి బల్లలు ఆరు వేయి, స్టేజీ చిన్నదైనా ఫరవాలేదు.

తేదీల విషయం. అక్టోబరు వద్దు, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. డిసెంబరు మొదటి వారం నేవీ డే, విన్యాసాలు పెడితే బీచ్ రోడ్డు మీద కదలలేం. సంక్రాంతికి ఊరు ఖాళీ. ఫిబ్రవరి పెట్టు.

జ్ఞాపిక ఆన్‌లైన్‌లో కొననన్నావు, మంచిది. హ్యూగో రాకెట్లని 1953లో మొదటిసారి తయారుచేసింది జాక్ మెక్‌నైట్ అనే మెషినిస్టు. ఇప్పటికీ రాకెట్ ఆకారం దాదాపు అదే, కింద పీఠం మాత్రం ఏటా కొత్తగా చేయిస్తారు. మనకి లక్కబొమ్మల ఏటికొప్పాక ఎంత దూరమని? అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క కణికె ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే రంగు కరిగి కర్రకి పట్టేస్తుంది. రాకెట్ ఆకారం వాళ్ళకి చిటికెలో పని. పడవ చేయించినా నాకు ఇష్టమే, నీ ఇష్టం.

వచ్చే ఆదివారం మీ కమిటీ నలుగుర్నీ తీసుకుని ఇంటికి రా. అత్తయ్య పెసరట్లు వేస్తానంది. చీటీలు వంద కోసి ఉంచుతాను, ఆరు కంచాలు బల్ల మీద పెడతాను. ఆరు కథలకీ లెక్క మీ చేతులతో మీరే ఒకసారి చేయండి.

మీ మావయ్య