"ల్యాప్‌టాప్ పనే కదా, వచ్చి అమ్మ దగ్గర ఉండు" అంటున్నారు

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లుగా జర్మనీలో ఉంటున్నాను. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి ఫ్రీలాన్స్ అనువాదాలు చేస్తాను. ఎక్కువగా మందులకు, వైద్యానికి సంబంధించిన పత్రాలే. నాన్నగారు లేరు. అమ్మకు 71 ఏళ్లు. రెండు నెలల క్రితం బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేశారు. అన్నయ్య, వదిన చూసుకుంటున్నారు. "నీది ల్యాప్‌టాప్ పనే కదా, ఎక్కడ కూర్చున్నా ఒకటే. వచ్చి ఆరు నెలలు ఉండు" అంటున్నాడు అన్నయ్య. అలా చేస్తే క్లయింట్లు పోతారంటే, "అదేమైనా ఉద్యోగమా" అన్నాడు. ఆ మాట మింగుడు పడటం లేదు. వెళ్లకపోతే నేను కూతురినేనా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అన్నయ్య అలా అనకూడదు. తొమ్మిదేళ్లు పరాయి దేశంలో ఒంటరిగా కూర్చుని నిలబెట్టుకున్న పనిని ఒక్క మాటలో తీసిపారేస్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. అయితే ఆ మాట వచ్చిన ఇంటిని కూడా ఒకసారి తలచుకోండి. రెండు నెలలుగా ఆ ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర ఉండి ఉండదు. తుంటి ఆపరేషన్ అయిన మనిషిని రాత్రి లేపి, వాకర్ పట్టించి, బాత్రూంకి నడిపించాలి. స్నానం, మందులు, ఫిజియోథెరపీ అన్నీ ఒకరు దగ్గరుండి చూడాలి. ఆ ఒకరు ఎవరో మీరు రాయలేదు. వదిన గురించి మీ ఉత్తరంలో ఉన్నది ఒక్క ముక్కే. చదువుతున్నంతసేపూ నా మనసు ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు మీ పని సంగతి. అది ఇంట్లోవాళ్లకు పనిలా ఎందుకు కనిపించడం లేదో ఆలోచించారా? వాళ్లు ఎప్పుడు వీడియో కాల్ చేసినా మీరు తీస్తారు. వెనక వంటగది కనిపిస్తుంది. ఆఫీసూ లేదు, ఒకటో తారీఖున జీతమూ లేదు. మాటకింత అని లెక్కగట్టి ఇస్తారని, బిల్లు పంపాక డబ్బు రావడానికి నెలా రెండు నెలలు పడుతుందని మీరు ఎప్పుడైనా చెప్పారా? గురువారానికి మూడు వేల మాటలు ఇవ్వాలని, ఇవ్వకపోతే తర్వాతి ఫైలు వేరేవాళ్లకు వెళ్తుందని? మీరు రాసిన తెలుగును ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి, మూలంతో పోల్చి చూస్తారని? "రోజుకు ఒకసారి" వేసుకోవాల్సిన మాత్ర "ఒక్కోసారి" అని పడితే ఒక రోగికి ఏమవుతుందో అన్నయ్యకు చెప్పండి. ఆ ఒక్క ఉదాహరణ చాలు. పైగా ఈ మధ్య మెషిన్ చేసిన అనువాదాన్ని తక్కువ రేటుకు దిద్దిపెట్టమనడం ఎక్కువైంది. అందుకే ఉన్న క్లయింటును పోగొట్టుకోవాలంటే మీకు అంత భయం. అది గొప్పల కోసం చెబుతున్న సాకు కాదని వాళ్లకు తెలియాలి.

ఇక వెళ్లాలా వద్దా అంటే, వెళ్లండి. ఆరు నెలలకు మాత్రం ఒప్పుకోకండి. జర్మనీలో మామూలు నివాస అనుమతి ఉన్నవాళ్లు ముందుగా అడగకుండా ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే ఆ అనుమతే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఇక్కడ ఇండియాలో ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, అంతకు మించి ఉంటే ఆదాయపు పన్ను లెక్కలు మారతాయి. ఎనిమిది, పది వారాలు అనుకోండి. తిరుగు టికెట్ తీసుకునే రండి, ఆ తేదీ అందరికీ ముందే చెప్పండి.

ఆ పది వారాలూ పని సగానికి తగ్గించుకోండి. అమ్మను చూసుకుంటూ పూర్తి పని చేస్తానని క్లయింట్లకు మాటిస్తే రెండూ చెడతాయి. ఇంట్లో ఇలా ఉందని, ఫలానా తేదీ దాకా చిన్న ఫైళ్లే తీసుకుంటానని ముందే మెయిల్ పెట్టండి. చెప్పాపెట్టకుండా ఆలస్యం చేసేవాళ్లను వదులుకుంటారు గానీ, ముందే చెప్పినవాళ్లను చాలామంది గుర్తుపెట్టుకుంటారు. ఫైళ్లు యూరప్ దాటకూడదని ఒప్పందంలో రాసే క్లయింట్లూ ఉంటారు, అది చూసుకోండి.

మీకు కలిసొచ్చేది ఒకటుంది. అక్కడ ఉదయం తొమ్మిదంటే విశాఖలో ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలం ఒకటిన్నర. అంటే పొద్దున్నంతా మీది. అమ్మ స్నానం, టిఫిన్, నడక మీరే చూడండి. భోజనాలయ్యాక తలుపు వేసుకుని పనికి కూర్చోండి. ఆ తలుపు వేసిన గంటల్లో మీరు ఇంట్లో లేనట్టే అని మొదటి రోజే చెప్పండి. చుట్టాలు చూడ్డానికి వచ్చినా సరే. ఇది అన్నిటికన్నా కష్టం. ఆడపిల్ల పుట్టింటికి వచ్చి తలుపు వేసుకుంటే మన ఇళ్లలో నొచ్చుకుంటారు. అయినా ఆ నాలుగు రోజులూ ఓర్చుకోండి.

మధ్యాహ్నం నుంచి అమ్మకు మనిషి కావాలి కదా. ఒక అటెండెంట్‌ను పెట్టి, ఆ జీతం మీరే ఇవ్వండి. మీరు తిరిగి వెళ్లాక కూడా ఆవిడ కొనసాగేలా ఏర్పాటు చేయండి. బాత్రూంలో పట్టుకునే కడ్డీలు, జారని మ్యాట్లు మీరున్నప్పుడే వేయించండి. ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ.

మీరు వచ్చిన రెండో వారంలో వదినను పది రోజులు వాళ్ల పుట్టింటికి పంపండి. డబ్బు పంపినంత మాత్రాన ఆవిడకు ఆ నిద్ర తిరిగి రాదు. ఆ పది రోజుల్లో రాత్రుళ్లు అమ్మ పక్కన మీరు పడుకుంటే, అన్నయ్య అంత విసుగ్గా ఎందుకు మాట్లాడాడో మీకు తెలుస్తుంది. మీరు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా స్క్రీన్ ముందు ఏం చేస్తారో అన్నయ్య కూడా కళ్లారా చూస్తాడు. "ఆ మాట నన్ను బాధపెట్టింది అన్నయ్యా" అని అప్పుడు చెప్పండి. ఇప్పుడు ఫోన్‌లో చెబితే గొడవే అవుతుంది.

టికెట్ తీసేముందు ఫోన్ వదినకు చేయండి. మధ్యాహ్నం అమ్మ పడుకుని, ఆవిడ ఒక్క నిమిషం కూర్చునే వేళ చూసి చేయండి. మీ ఇబ్బందులేవీ ఎత్తకుండా, "ఎలా ఉన్నావు వదినా" అని అడిగి ఆవిడ చెప్పేదంతా వినండి.