తుపాను దారి చూపే గీత వైజాగ్ మీదుగా ఉంటే అమ్మానాన్నలను ఎప్పుడు తరలించాలి?

నమస్తే అండి. ఐదు రోజుల ముందే ఫోన్ మ్యాపులో తుపాను దారి చూపే గీత సరిగ్గా విశాఖ మీదుగా పోతోందని, పెదజాలారిపేటలో రేకుల ఇంట్లో ఉన్న అమ్మానాన్నలను ఇప్పుడే తీసుకొచ్చేయాలా అని అడిగారు. మీ కంగారు నాకు అర్థమవుతోంది.

ముందు ఆ గీతను పక్కన పెట్టి, దాని చుట్టూ గరాటులా విచ్చుకునే ప్రాంతాన్ని చూడండి. తుపాను కేంద్రం అందులో ఎటైనా పోవచ్చు. 2021 డిసెంబరులో జవాద్ తుపాను మన దాకా వచ్చినట్టే వచ్చి, ఒడిశా వైపు తిరిగి సముద్రంలోనే నీరసించింది. అందుకే ఒక్క బులెటిన్ కాదు, వాతావరణ శాఖ వరుసగా ఇచ్చే నాలుగైదు చూడండి. గీత ప్రతిసారీ అటూ ఇటూ జరుగుతోందా, మన దగ్గరే నిలుస్తోందా అన్నదే అసలు సంగతి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. తుపాను మనకు దక్షిణంగా ఉన్న తుని దగ్గర తీరం దాటుతుందంటే "హమ్మయ్య" అనుకోకండి. వాయవ్యంగా కదిలే తుపానుకు కుడివైపు గాలి సముద్రం నుంచి ఒడ్డుకు తోస్తుంది, ఉప్పెన అక్కడే ఎక్కువ. ఆ కుడివైపు ఉండేది మనమే. మనకు ఉత్తరంగా ఉన్న కళింగపట్నం దగ్గర దాటితే మనకు ఆ ముప్పు తక్కువ.

మామూలుగా 48 గంటల ముందు వచ్చే పసుపు హెచ్చరికలో విశాఖ పేరుంటే బట్టలు, మందులు, కాగితాలు సర్దించండి. పెద్దవాళ్లు, పైగా రేకుల ఇల్లు కాబట్టి, 24 గంటల ముందు వచ్చే నారింజ హెచ్చరిక దాకా ఆగొద్దు, వెలుతురుండగానే శ్లాబు ఇంటికి చేర్చండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, మన మీదుగా పోయినప్పుడు గాలి కాసేపు ఆగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. ఆ మధ్యలో నాన్నగారిని బయటికి వెళ్లనివ్వకండి.