టాపిక్ కంటే ముందు సోర్సు వెతకండి

మీ ప్రశ్న ఇది: డిగ్రీ ఫైనలియర్ ప్రాజెక్టుకి 'నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య' తీసుకున్నారు. ఇరవై పేజీలు రాయాలి, ఆరు వారాల టైముంది. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే సమాచారం వస్తోంది. టాపిక్ ఎలా కుదించాలి, సోర్సులు ఎక్కడ దొరుకుతాయి?

మీరు తీసుకున్నది టాపిక్ కాదండి, సబ్జెక్టు. దాని మీద ఇరవై పేజీలు రాస్తే ఫ్లోరైడ్ అంటే ఏమిటి, ఎందుకొస్తుంది, లక్షణాలు, నివారణ అంటూ పాఠ్యపుస్తకం లాగే తయారవుతుంది. ముందు టాపిక్ ఖాయం చేసుకుని తర్వాత సోర్సులు వెతకమని కాలేజీల్లో చెప్తారు. నా లెక్కలో అది తలకిందుల పద్ధతి. మొదటి వారమంతా సోర్సులకే పెట్టండి. చేతికి ఏం దొరికిందో చూశాకే టాపిక్ రాయండి. దొరకని డేటా మీద పెట్టుకున్న టాపిక్ ఐదో వారంలో చేతులెత్తేస్తుంది.

మీ సబ్జెక్టునే తీసుకుని చూద్దాం. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు), నల్గొండ అని ఇంగ్లిష్‌లో కొడితే ఈమధ్య పేపర్లు వస్తాయి. పాతవి కావాలంటే పాత పేర్లతో వెతకాలి. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్ధిఖీ రాసిన పేపర్ శీర్షికలో 'హైదరాబాద్-దక్కన్' అని ఉంటుంది, ఎందుకంటే అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా లేదు. అంతకుముందు 1937 నాటి పరిశోధన అప్పటి నెల్లూరు జిల్లా మీద జరిగింది. అది కావాలంటే 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అని కొట్టాలి. ఒక మంచి పేపర్ దొరికాక దాని కింద 'సైటెడ్ బై' నొక్కండి, ఆ తర్వాత దాన్ని వాడుకున్న పేపర్లన్నీ వరసగా వస్తాయి. 'ఆల్ వెర్షన్స్' నొక్కితే డబ్బు కట్టక్కర్లేని కాపీ చాలాసార్లు బయటపడుతుంది. ఆ బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలైతే పబ్‌మెడ్ సెంట్రల్ అనే వైద్య పేపర్ల వెబ్‌సైట్లో ఉచితంగానే ఉన్నాయి.

తెలుగు పత్రికల్లో వెతికేటప్పుడు నల్గొండ, నల్లగొండ రెండూ కొట్టండి. ఫ్లోరైడ్, ఫ్లోరైడు, ఫ్లోరిన్, ఫ్లోరోసిస్ అన్నీ విడివిడిగా కొట్టండి. ఒక స్పెల్లింగుతో పది వార్తలొస్తే ఇంకో దానితో వేరే పది వస్తాయి.

శోధ్‌గంగ అనే వెబ్‌సైట్ సంగతి చాలామంది పిల్లలకి ఎవరూ చెప్పరు. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. థీసిస్ మొత్తం చదవద్దు, అంత టైము మీకు లేదు. అధ్యాయాలు వేర్వేరు పీడీఎఫ్‌లుగా పెడతారు కాబట్టి మూడు ఫైళ్లు చాలు. పూర్వ పరిశోధనల సమీక్ష, చివరి అధ్యాయం, గ్రంథసూచి. చివరి అధ్యాయంలో 'ముందుముందు ఇవి పరిశీలించాలి' అని ఒక పేరా ఉంటుంది. మీ టాపిక్ ఆ పేరాలోనే దొరికే అవకాశం ఎక్కువ. అయితే సమీక్షలో వాళ్లు చెప్పిన పేపర్‌ని మీరు చదివినట్టు రాయకండి. అసలు పేపర్ తెరిచి ఆ అంకె అక్కడ ఉందో లేదో చూడండి. ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ పోతే అంకెలు మారిపోతాయి.

ఇప్పుడు కుదించడం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం కొలుస్తాం? ఈ నాలుగూ ఒక్క వాక్యంలో పట్టాలి. ఉదాహరణకి, 'మర్రిగూడ మండలంలోని ఒక ఊళ్లో, మిషన్ భగీరథ నల్లా వచ్చాక కూడా ముప్పై ఇళ్లలో బోరు నీళ్లు దేనికి వాడుతున్నారు?' (భగీరథ అంటే ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం.) ఇది చెయ్యగలిగిన పని. ఇంటికి ఇరవై నిమిషాలు వేసుకుంటే పది గంటలు, అంటే రెండు ఆదివారాలు. పైగా ఈ ప్రశ్నకి ప్రాణం ఉంది. తాగేది నల్లా నీళ్లయినా అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతూనే ఉంటుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇదే సబ్జెక్టులో ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. భగీరథ ఫలితం చూపించాలని పెద్దవాళ్ల పళ్ల మీద గారలు లెక్కపెడతారు. పంటి పింగాణీ తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ల లోపు. ఇరవై ఏళ్ల మనిషి పంటి మీది మచ్చ తను చిన్నప్పుడు తాగిన నీళ్ల గురించి చెప్తుంది గానీ ఇవాళ్టి నల్లా గురించి చెప్పదు. భగీరథ పథకం మొదలైంది 2016 ఆగస్టులో. మీ ఊరికి ఏ నెలలో నీళ్లొచ్చాయో పంచాయతీలో అడిగి రాసుకోండి. ఆ తర్వాత పుట్టి, ముందు పళ్లు ఊడి కొత్తవి వచ్చిన పిల్లల్ని చూస్తేనే ఆ లెక్కకి అర్థం ఉంటుంది.

రెండో తప్పు జిల్లా అంకెలు. 2016 అక్టోబర్ 11న పాత నల్గొండ మూడు ముక్కలైంది, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. 2011 జనాభా లెక్కల్లోని నల్గొండ, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోని నల్గొండ ఒకటి కావు. పక్కపక్కన పెట్టి 'తగ్గింది' అని రాస్తే సర్వే చేసిన కష్టమంతా వృథా. ఆంధ్ర వైపు వాళ్లకీ ఇదే చిక్కు, 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. అందుకే మండలం, ఊరు స్థాయి అంకెలు పట్టుకోండి. జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్‌లో ఊరి వారీగా తాగునీటి వివరాలు ఉంటాయి.

ఇక ఆ వందమంది క్వశ్చనీర్ గురించి చెప్పకుండా ఉండలేను. ఏ టాపిక్ అయినా సరే వందమందిని అడగడం, పర్సంటేజీలు కట్టడం, పై చార్టులు పెట్టడం. వందే ఎందుకంటే పర్సంటేజీ సులువుగా వస్తుందని! 'మీకు సురక్షిత నీరు ముఖ్యమా?' అని అడిగితే కాదనేవాళ్లెవరు? దాని బదులు 'నిన్న రాత్రి పప్పు ఏ నీళ్లతో వండారు?' అని అడగండి. నిన్నటి సంగతి మనిషికి గుర్తుంటుంది, సమాధానం నిజమవుతుంది.

డీటీపీ షాపులో దొరికే పాత ప్రాజెక్టు జోలికి పోకండి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక పది శాతం వరకే శిక్ష లేకుండా వదిలేస్తారు. మీ కాలేజీలో సాఫ్ట్‌వేర్ లేకపోయినా, పేరు మార్చిన ప్రాజెక్టు వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. ఏఐ ఇచ్చిన రిఫరెన్సులు కూడా ఒక్కొక్కటీ పరీక్షించాలి. శీర్షికని కోట్స్‌లో పెట్టి స్కాలర్‌లో వెతకండి, డీఓఐ నంబరు (ప్రతి పేపర్‌కీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) తెరిచి చూడండి. పేపర్ దొరక్కపోతే కొట్టెయ్యండి, రచయిత పేరు ఎంత పెద్దదైనా.

నీళ్లు పరీక్ష చేయించాలనుకుంటే గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుకి పడుతుంది. ప్లాస్టిక్ సీసా తీసుకుని, బోరు నాలుగైదు నిమిషాలు వదిలేసి, అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. ఫలితం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపైతే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణానికి లోబడినట్టు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. సీసా మీద ఊరు, బోరు ఎవరిది, తేదీ, టైము అక్కడికక్కడే రాయండి. ఇంటికొచ్చి రాద్దామనుకుంటే ఏ సీసా ఏ బోరుదో కలిసిపోతుంది.